యాభై గళ్లు

సోమవారం పొద్దున్నే తమ్ముణ్ని గేటు దగ్గర ఆపేశారు. అయిదడుగుల వెనక రెండు టిఫిను డబ్బాలు పట్టుకుని వస్తున్న అక్క మొదట సరదాకి ఆపారేమో అనుకుంది. పదకొండేళ్లుగా అతనితో కలిసి టీ తాగుతున్న వాచ్‌మన్ ఇవాళ అతని మొహం చూడలేక గేటు గొళ్లెంతో మాట్లాడాడు.

"నిన్ను లోపలికి పంపొద్దన్నారు. గురువారం పదకొండింటికి ఎంక్వైరీ అట. అప్పుడు రమ్మన్నారు."

"దేనికి?"

"నన్నేం అడక్కు. అదిగో, బోర్డు మీద అంటించారు."

బోర్డు అద్దం వెనక సగం పేజీ కాగితం ఉంది. ఆసుపత్రి కాలిన గాయాల వార్డుకు పంపిన దుప్పట్లు పాతిక ఉతుకులకే పనికిరాకుండా పోయాయని, ఏడుగురి పుండ్లు చీము పట్టాయని, ఇద్దరు చనిపోయారని, ముంచుడు తొట్టి దగ్గరి పనివాడి నిర్లక్ష్యమే ఇందుకు కారణమని అనుమానిస్తున్నామని రాసి ఉంది. తమ్ముడు రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఇంటికెళ్లు. నేను లోపల కనుక్కుంటాను," అని అతని డబ్బా అతనికిచ్చింది. మధ్యాహ్నం అన్నం పొద్దున ఎనిమిదింటికే చేతిలో పట్టుకుని, ఎటు నడవాలో తెలియనట్టు అతను రోడ్డు మధ్యలో కాసేపు నిలబడ్డాడు.

అది నేత మిల్లు కాదు. ఎక్కడో నేసిన తెల్లటి నూలు గుడ్డను తెచ్చుకుని దానికి గుణం అంటించే మిల్లు. నీళ్లంటని గుణం, ముడత పడని గుణం, ఎండను ఆపే గుణం, ఏది అడిగితే అది. ఈ నాలుగేళ్లలో ఎక్కువగా పోతున్నది క్రిముల్ని చంపే గుణం. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండని వెండి రేణువుల్ని నీళ్లలో కలిపి, గుడ్డను ఆ తొట్టిలో ముంచి, రెండు రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, చివర్లో ఓవెన్‌లో కాలుస్తారు. నీళ్లలో కలిపిన జిగురు ఆ వేడికి గట్టిపడి వెండిని నూలుపోగుకు పట్టి ఉంచుతుంది. పుస్తకాల్లో దానికి నానో అనో ఇంకేదో అనో పెద్ద పేరుంది గానీ, మిల్లులో అందరికీ అది వెండి నీళ్లే. ఊరికే వదిలేస్తే వెండి ముద్దలు కట్టి అడుగుకు దిగిపోతుంది. అందుకని పది నిమిషాలకోసారి చెక్క తెడ్డుతో అడుగంటా కలపాలి. ఆ తెడ్డు తమ్ముడిది.

దుప్పటి కుట్టాక ఒక మూల లేబులు వేస్తారు. దాని మీద యాభై చిన్న గళ్లు. ఉతికినప్పుడల్లా ఒక గడి కొట్టెయ్యాలి. యాభై నిండేదాకా గుణం గ్యారంటీ.

ఆ యాభై లెక్క తేల్చేది ఆమె. మిల్లులో అందరూ ఆమెను ఉతుకులక్క అంటారు. లాబొరేటరీలో ఆమె మిషనుకు ఎనిమిది స్టీలు డబ్బాలుంటాయి. ఒక్కో డబ్బాలో సబ్బునీళ్లు పోసి, అరచేతంత గుడ్డముక్క వేసి, మూత బిగించి, వేడి నీళ్ల తొట్టిలో చువ్వకు తగిలించి తిప్పుతుంది. నలభై అయిదు నిమిషాల రౌండు ఒకటి అయిదు ఉతుకుల పెట్టు. పది రౌండ్లయితే యాభై. పొద్దున డ్యూటీ ఎక్కగానే మొదలుపెడితే దిగేసరికి సరిగ్గా అయిపోతాయి. మిషను మెత్తగా, ఇంటి ఫ్యానంత నెమ్మదిగా తిరుగుతుంది. పక్కన కూర్చుని కునుకు తియ్యొచ్చు గానీ ఆమె ఏనాడూ తియ్యలేదు. ఉతికిన ముక్కను గాజు పళ్లెంలో, గంజిలా గడ్డకట్టిన మేత మీద పూసిన క్రిముల మధ్య పెడుతుంది. మర్నాటికి పళ్లెమంతా క్రిములు పాలమీగడలా పరుచుకుంటాయి. ముక్కలో వెండి మిగిలి ఉంటే దాని చుట్టూ మాత్రం అవి చచ్చి తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలిచి, కాగితం మీద అంకె వేసి, కింద సంతకం పెడుతుంది. నాలుగేళ్లలో ఆమె సంతకం పెట్టని వెండి గుడ్డ ఆ గేటు దాటలేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి తమ్ముడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం డబ్బా మూత తియ్యకుండా అలాగే పక్కన ఉంది.

"ఏమన్నారక్కా?"

"మన ల్యాబు ముక్క పాసయిందిట. ఆసుపత్రి దుప్పటి ఫెయిలయిందిట. ఒకటే థానులో అదెట్లా కుదురుతుందంటే, ల్యాబుకు ఇచ్చేది థాను మొదట్లో కోసిన ముక్క, అప్పటికి నీళ్లు తాజాగా ఉంటాయి, తర్వాత నువ్వు కలపడం మానేసి ఉంటావట."

"మానేశానా?" అని తమ్ముడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆమె అడగకూడదనుకుంటూనే అడిగింది. "కలిపావు కదా?"

అతను కుడిచెయ్యి తిప్పి ఆమె ముందు పెట్టాడు. చూపుడువేలు మొదట్లో, బొటనవేలు పక్కన తెడ్డు కర్ర ఒరుసుకుని రెండు కాయలు కాసి ఉన్నాయి. వాటిమీద చర్మం పసుప్పచ్చగా, గోరంత గట్టిగా ఉంది. పిల్లలకు పుస్తకం చూపించినట్టు చూపించి మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అడిగినందుకు ఆమెకు ప్రాణం చచ్చిపోయింది.

వంటగదిలోంచి మరదలు వచ్చింది. ఆ ఇంట్లో గొంతు ఆవిడదే. "మొన్నటిదాకా వెండి దుప్పట్లు, వెండి దుప్పట్లు అని ఊరేగారు. రోగులు వెండి మీద పడుకుంటున్నారు, మనం స్టీలు గ్లాసులో తాగుతున్నాం అని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడా ఇద్దరి ఉసురూ ఈయన నెత్తిన రాశారు. చూడు వదినా, పొద్దున్నించి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

"మూడు నిమిషాలు కాల్చేదాన్ని నిరుడు నిమిషంన్నరకు దించారు," అన్నాడు తమ్ముడు. "ఆ సంగతి ఎవడూ ఎత్తడు. ఓవెన్‌కు నోరు లేదు, నాకుంది. అదీ నా తప్పు."

"ఓవెన్ కాదురా," అంది ఆమె. "అది దించేటప్పుడు ముక్కలు నేనే ఉతికాను. యాభైకీ నిలిచాయి. ఇంకేదో ఉంది. నేను తేలుస్తానుగా."

ఆ మాట ఎంత నమ్మకంగా అందంటే మరదలు వెంటనే లోపలికెళ్లి కంచం పెట్టింది.

మిల్లులో ఒక పాత అలవాటుంది. ప్రతి థానుకూ చివర మిగిలే జానెడు గుడ్డను కోసి, నంబరు ముద్ర కొట్టి, గోడౌన్లో ఏడాదిపాటు కట్టలు కట్టి ఉంచుతారు. దాన్ని తోక అంటారు. దాన్ని ఎవరూ పరీక్ష చెయ్యరు. రంగు తేడా వచ్చిందని ఎవరైనా గొడవకొస్తే చూపించడానికే. మంగళవారం డ్యూటీ ఎక్కగానే ఆమె గోడౌన్ మనిషి దగ్గరికెళ్లి ఆసుపత్రికి పోయిన థానుల్లో రెంటి తోకలడిగింది.

"చీటీ లేకుండా ఇవ్వకూడదు ఉతుకులక్కా," అంటూనే అతను నిచ్చెనెక్కాడు. దుమ్ము దులుపుతూ దిగి, "మీ తమ్ముడు కలపకపోవడమేంటి, నిద్రలో కూడా కలుపుతాడు వాడు. తీసుకో," అన్నాడు.

తోకలు రెండు, తన బీరువాలో మిగిలి ఉన్న తలలు, అంటే థాను మొదట్లో కోసిన ముక్కలు, రెండు. నాలుగు డబ్బాలు బిగించింది. తమ్ముడు కలపకపోయి ఉంటే తోకల్లో వెండి ఉండదు. కలిపి ఉంటే తలా తోకా ఒకటే. అంతే లెక్క. ఇంత తేలిక లెక్క మిల్లు మేనేజరుకు ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. తట్టినా దానివల్ల తనకేం లాభమని ఊరుకున్నాడేమో. పది రౌండ్లు తిరిగేదాకా మంచినీళ్లకు తప్ప ఆమె కుర్చీ దిగలేదు. రౌండు రౌండుకూ సబ్బునీళ్లు మార్చింది, ముక్కల్ని పిండకుండా రెండు వేళ్లతో పట్టుకుని జాడించింది. సాయంత్రం పళ్లేలు పెట్టి, వాటిని వెచ్చటి పెట్టెలో ఉంచి వచ్చింది.

బుధవారం పొద్దున పెట్టె తలుపు తీసింది. నాలుగు పళ్లేలు, నాలుగు వలయాలు. స్కేలు పెట్టింది. రెండున్నర, రెండున్నర, రెండున్నర, రెండు మీద నాలుగు గీతలు. తలకూ తోకకూ తేడా లేదు. అడుగంటా కలిపాడు నా తమ్ముడు, అనుకుని అక్కడే గోడకానుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

లాబొరేటరీకి కొత్తగా వచ్చిన కెమిస్టు అమ్మాయి అప్పుడే లోపలికి వచ్చింది. చేరి మూడు వారాలే అయింది. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఎవరితో ఏ మాట అంటే ఏమవుతుందోనని గోడ పక్కనించి నడిచే పిల్ల.

"ఏమైందక్కా?"

ఆమె పళ్లేలు చూపించి సంగతంతా చెప్పింది. ఆ అమ్మాయి సంతోషించింది. తర్వాత పళ్లేల వంక, గోడ పక్కన ఏదో షర్టు గుడ్డ తిప్పుతున్న మిషను వంక చూసి, తల వాల్చి, చెవి పెట్టి విన్నట్టు నిలబడింది.

"అక్కా, మీ మిషను చప్పుడు చెయ్యదేం?"

"ఎందుకు చేస్తుంది? నెలనెలా నూనె వేస్తాను."

"కాదక్కా. మా కాలేజీలో ఇది తిరుగుతుంటే పక్కవాళ్ల మాట వినపడేది కాదు. గోళీలు మోగేవి." ఆ అమ్మాయి మొహంలో రంగు మెల్లగా మారింది. "డబ్బాల్లో గోళీలు వెయ్యట్లేదా మీరు?"

"స్టీలు గోళీలా? ఉండేవి," అంది ఆమె. "మొదట్లో వచ్చినవి పోయాక స్టోరు వాళ్లు ఇనప గోళీలిచ్చారు. అవి తుప్పు పట్టి గుడ్డ నిండా మచ్చలు. మేనేజరు ఆ ముక్కలు పట్టుకొచ్చి నా బల్లమీద విసిరికొట్టాడు, ఈ మచ్చల గుడ్డ కొనే పార్టీకి ఎట్లా చూపించేది, నీకు ఉతకడం కూడా రాదా అని. అప్పుడు తీసేశాను. ఆ వారం ముక్కలు మల్లెపువ్వుల్లా వచ్చాయి. ఇదీ పనంటే, అన్నాడు."

"ఎప్పుడది?"

"రెండేళ్లు దాటింది. అవి గుడ్డను కలపడానికే కదా? నీళ్లే కలుపుతాయి."

కెమిస్టు అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. "అక్కా, ఒక రౌండుకు అయిదు ఉతుకులని లెక్క ఎందుకు కట్టారనుకున్నారు? ఆ గోళీలు గుడ్డను బాదితేనే అయిదు. డబ్బాకు యాభై గోళీలుండాలి. అవి లేకపోతే రౌండుకు ఒక్క ఉతుకు కూడా అవునో కాదో."

ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. మిషను నడపడం నేర్పినవాడు మీట ఎక్కడుందో చూపించాడు, మూత ఎంత బిగించాలో చూపించాడు, రౌండు అంటే అయిదు అని చెప్పి వెళ్లిపోయాడు. అయిదు ఎందుకని ఆమె అడగలేదు. అడిగి ఉంటే అతనికి మాత్రం తెలుసునా అన్నది వేరే సంగతి. ఆమెకిప్పుడు తను పెట్టిన సంతకాలు ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి.

ఆ అమ్మాయి మంచిదే. తనే స్కూటరు మీద వెళ్లి బేరింగుల షాపులో రెండు వందల స్టీలు గోళీలు తెచ్చింది. అవే థానులు, అవే తలలు, అవే తోకలు. కొత్త ముక్కలు కోసి, డబ్బాకు యాభై లెక్కపెట్టి వేశారు. మీట నొక్కగానే రాళ్ల బండి మెట్టమీదికి ఎక్కుతున్నట్టు గదంతా మోత. పక్క గదిలోంచి గుమాస్తా వచ్చి తొంగిచూసి పోయాడు. నాలుగు రౌండ్లు, అంటే ఇరవై ఉతుకులు, అంతకు మించి తిప్పలేదు. గోళీలు మూతలకు కొట్టుకుంటున్న ప్రతిసారీ ఆమె కళ్లు మూసుకుంది. మూడో రౌండు తర్వాత తీసిన నీళ్లు సన్నగా బూడిదరంగు తిరిగాయి. ఆమె ఆ నీళ్లను పారబోయలేక గిన్నెలో పట్టుకుని చాలాసేపు చూసింది. తమ్ముడు అడుగంటా కలిపి ఎక్కించిన వెండి అది.

గురువారం పొద్దున నాలుగు పళ్లేలూ ఒకే తీరుగా ఉన్నాయి. మీగడ పళ్లెమంతా పరుచుకుని గుడ్డముక్క అంచులదాకా వచ్చింది. ఒక ముక్క మీదికి కూడా ఎక్కింది. స్కేలు తియ్యాల్సిన పనే లేకపోయింది.

"తలా తోకా ఒకటేగా అక్కా," అంది కెమిస్టు అమ్మాయి గొంతు తగ్గించి. "మీ తమ్ముడి తప్పు లేదని నిన్నటి పళ్లేలతోనే తేలిపోయింది. వాటిని చూపిస్తే చాలు. వీటి సంగతి తర్వాత మెల్లగా నేను చూస్తాను. నాకింకా ఆర్డరు చేతికి రాలేదు, అర్థం చేసుకోండి."

ఆమెకు అర్థమయింది. అర్థం కాకపోతే బాగుండేది. నిన్నటి పళ్లేలు ఒక ట్రేలో, ఇవాళ్టివి ఇంకో ట్రేలో పెట్టి రెండో ట్రే మీద తువ్వాలు కప్పింది.

మేనేజరు గదిలో తమ్ముడు అప్పటికే గోడవారగా నిలబడి ఉన్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా తొడుక్కుని వచ్చాడు. కెమిస్టు అమ్మాయి ఫైలు గుండెకు ఆనించుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఆమె మొదటి ట్రే బల్లమీద పెట్టి తలలేవో తోకలేవో చెప్పింది. మేనేజరు స్కేలు తీసి తనే కొలిచాడు. ఒక్కో పళ్లేనికీ అతని మొహం కొంచెం కొంచెం తెరిపిన పడింది.

"శభాష్ ఉతుకులక్కా! ఈ తోక ఐడియా మాకెవరికీ రాలేదు చూడు. అంటే మన గుడ్డ మొదట్నించి చివరిదాకా బ్రహ్మాండంగా ఉంది. వాళ్లే బ్లీచింగు దట్టించి వెండి అంతా ఊడగొట్టి ఉంటారు. ఇవాళే ఆసుపత్రికి జవాబు రాస్తాను." తమ్ముడి వైపు తిరిగి, "ఏమయ్యా, మనసులో పెట్టుకోకు. రేపట్నుంచి డ్యూటీకి రా," అన్నాడు.

తమ్ముడు రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. నాలుగు రోజులుగా బిగుసుకున్న అతని భుజాలు వదులయ్యాయి. ఇక ఆమె ట్రేలు సర్దుకుని బయటికి నడిస్తే ఆ కథ అక్కడితో సుఖంగా ముగిసేది. ఆమె కాళ్లు కూడా ఆ పని చెయ్యడానికి సిద్ధంగానే ఉన్నాయి. ఆసుపత్రికి జవాబు రాస్తానన్న మాట దగ్గర ఆగిపోయాయి.

"ఇంకో నాలుగున్నాయి సార్," అంది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. ఏముందో తెలియకపోయినా ఆ గొంతు అతనికి తెలుసు.

ఆమె తువ్వాలు తీసింది. మేనేజరు చూశాడు. కొలవలేదు.

"ఏంటివి?"

"ఆ థానులవే సార్. గోళీలు వేసి ఇరవై ఉతుకులు ఉతికాను. ఏం మిగల్లేదు. ఈ రెండేళ్లూ నేను గోళీలు లేకుండా ఉతికాను. యాభై అని రాసింది యాభై కాదు, పదో, అంతకన్నా తక్కువో. జిగురు సరిగ్గా కాలట్లేదు. ఓవెన్ మళ్లీ మూడు నిమిషాలకు పెట్టాలి. పోయిన దుప్పట్లు వెనక్కి తెప్పించాలి."

"గోళీలేంటి?" అన్నాడు మేనేజరు. అతను నటించలేదు. రెండేళ్ల కింద ఆమె బల్లమీద విసిరికొట్టిన ముక్కలు అతనికి నిజంగానే గుర్తులేవు. పడ్డవాళ్లకే అన్నీ గుర్తుంటాయి. ఆమె గుర్తు చెయ్యబోయి, ఆ మచ్చల సంగతి చెబితే సాకు చెప్పినట్టుంటుందని నోరు మూసుకుంది.

అతను కిటికీ వైపు తిరిగాడు. "మేడమ్, ఏది కరెక్టు?"

"పద్ధతి ప్రకారం గోళీలు ఉండాలి సార్," అంది ఆ అమ్మాయి. ఒక్క క్షణం ధైర్యం చేసినట్టే కనిపించింది. "కానీ ఇవి బయట షాపులో కొన్నవి. మళ్లీ చేసి చూస్తే గానీ చెప్పలేం."

"చెప్పలేం," అని మేనేజరు ఆ ఒక్కమాటే తీసుకున్నాడు. లేచి బీరువాలోంచి పాత ఫైలు తీసి, కాగితం వెతికి, ఆమె ముందు పెట్టాడు. "ఓవెన్ అంటున్నావే, ఇది చూడు. నిమిషంన్నర కాల్చిన ముక్క, యాభై ఉతుకులు, వలయం రెండున్నర. కింద సంతకం ఎవరిది? ఆ రోజు చాలదని రాసి ఉంటే అప్పుడే ఆపేసేవాణ్ని. నీ వలయం చూసే తగ్గించాం అమ్మా."

ఆమె కాగితం చూసింది. సంతకం తనదే. కొమ్ము కొంచెం పైకి లేచిన ఆ చివరి అక్షరం ఆమెకు స్కూల్లో పట్టిన అలవాటు. అతను కావాలని చెప్పిన అబద్ధమైతే కోపంతోనైనా బతికేది. అది అబద్ధం కాదు. తమ్ముడి తలమీది బరువు దించి ఎవరి మీద పెట్టాలా అని మూడు రోజులు వెతికింది. అది నడుచుకుంటూ వచ్చి తన ముందే కూర్చుంది.

"మరి పోయిన గుడ్డ సార్?"

"పోయింది పోయింది. మొదటి నాలుగు పళ్లేలే రికార్డులో ఉంటాయి. పద్ధతి తెలియనివాళ్లు చేసిన పరీక్షలు లెక్కలోకి రావు." అతని గొంతు మెత్తగానే ఉంది. "రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు. మీ తమ్ముణ్ని చూసి ఇంతటితో వదిలేస్తున్నాను."

రెండో ట్రే కెమిస్టు అమ్మాయే తీసుకెళ్లింది. పళ్లేల్ని క్రిములు చచ్చే మందు నీళ్ల బకెట్లో ముంచడం రూలు. ముంచేటప్పుడు ఆ పిల్ల ఏడుస్తోందని తర్వాత గుమాస్తా చెప్పాడు. ఏడిస్తే ఏం లాభం.

గేటు దాటి వంద అడుగులు నడిచాక తమ్ముడు ఆగిపోయాడు.

"ముందు పళ్లేలతో అయిపోయిందిగా అక్కా! నన్ను రమ్మన్నాడు, నిన్ను శభాష్ అన్నాడు. ఆ తువ్వాలు తియ్యమని నిన్నెవరడిగారు?"

"ఇద్దరు పోయారని బోర్డు మీద నువ్వూ చదివావుగా."

"నేను కలిపాను! నేను కలిపానక్కా!"

"కలిపావురా. అడుగంటా కలిపావు. నీ చెయ్యి చూశాగా." ఆమె తన రెండు వేళ్లూ చూపించింది. "నేనే. ముక్క నలగకూడదని రెండు వేళ్లతో పట్టుకుని, పసిపిల్లకు పోసినట్టు నీళ్లు పోశాను. బాదాల్సింది బాదలేదు."

శుక్రవారం పొద్దున మరదలు ఒకటే డబ్బా కట్టింది. రెండోది పళ్లెం మీద బోర్లించి, ఆమె కంట పడకుండా పై అరలోకి తోసింది. తమ్ముడు వెళ్లేటప్పుడు గుమ్మంలో తచ్చాడి, "వస్తానక్కా," అన్నాడు. అతను వెళ్లిన పావుగంటకు ఆమె బస్సెక్కి ఆసుపత్రి దగ్గర దిగింది.

లాండ్రీ ఆసుపత్రి వెనక సందులో ఉంది. తడి సిమెంటు గది, రెండు పెద్ద మిషన్లు. మూలన ఇటుకల పొయ్యి మీద బాయిలరు. దాంట్లో చీపుళ్లు, పాత బకెట్లు పెట్టుకున్నారు. తలుపుకెదురుగా బల్ల దగ్గర ఒక పెద్దాయన దుప్పట్లు మడతపెడుతున్నాడు. మడత మడతకూ అరచేత్తో రాసి, మూలనున్న లేబులు పైకి తీసి, చెవి మీంచి నల్ల పెన్ను తీసి ఒక గడి కొట్టి, పెన్ను మళ్లీ చెవి మీద పెట్టుకుంటున్నాడు. ఆ గళ్లను ఒకరు అంత శ్రద్ధగా కొడుతుంటారని ఆమె ఎప్పుడూ ఊహించలేదు.

"ఎవరు కావాలమ్మా?"

"ఈ దుప్పట్లు తయారుచేసిన మిల్లులోంచి వచ్చాను."

అతను పని ఆపి నిటారుగా నిలబడ్డాడు. "మీకు నేను ముందే చెప్పుకోవాలి. బ్లీచింగు నేను వెయ్యలేదు. లేబులు మీద వద్దని రాసుంది, వెయ్యలేదు. గోరువెచ్చటి నీళ్లే పట్టాను. కావాలంటే పిల్లల మీద ఒట్టు."

"వెయ్యలేదని నాకు తెలుసు."

"మరి నా చేతులేనా?" అన్నాడు అతను. "పోయిన ఆ పదకొండో మంచం ఆయనది, కిటికీ పక్కమ్మది, రెండు దుప్పట్లూ నేనే మడతపెట్టాను. నా చేతుల్లోంచి ఏమన్నా అంటిందేమోనని సబ్బు మార్చాను. రోజుకు ఇరవైసార్లు కడుక్కుంటున్నాను." అతను చేతులు చాపాడు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. వారంలో ఆమె ముందు ఇలా చాపిన చేతులు ఇవి రెండోవి.

"మీ చేతులు కాదు పెద్దాయనా. నావి." ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఈ యాభై నేను లెక్కపెట్టిందే. తప్పు లెక్కపెట్టాను. పదికే పోతుంది మందు. తర్వాత ఇది ఉత్త గుడ్డ. వీటిని ఆపండి. పాత దుప్పట్లు తీసి ఉడకబెట్టండి."

పెద్దాయన దగ్గరగా ఉన్న లేబులు చూశాడు. "ఇరవై ఆరు కొట్టాను. ఇంకా ఇరవై నాలుగున్నాయి కదమ్మా. నేనెట్లా ఆపేది? ఈ దుప్పట్లొచ్చాక బాయిలరు వద్దన్నారు, రోజూ మార్చేది మూడు రోజులకోసారి చేశారు. గళ్లు నిండిన దుప్పటి మాత్రం వార్డుకు పంపకూడదు, అది పక్కన పడేసి పాత దుప్పటి ఉడకబెట్టి పంపాలి. నాకిచ్చిన రూలు అదొక్కటే. మీరు కాగితం ఏమన్నా తెచ్చారా?"

"కాగితం ఇవ్వరు. ఆ సంతకం నాదే కాబట్టి, ఇప్పుడు నేను కాదన్నా ఎవరూ వినరు."

అతను బాయిలరు వైపు ఒకసారి, వార్డు మెట్ల వైపు ఒకసారి చూశాడు. మెట్ల మీద ఎవరో ఖాళీ తోపుడుబండిని చప్పుడు చేసుకుంటూ కిందికి దించుతున్నారు.

"ఆ పెన్ను ఇస్తారా?" అంది ఆమె.

అతను చెవి మీంచి తీసి ఇచ్చాడు. ఆమె లేబులును బల్లమీద సాపుగా నొక్కిపట్టి ఇరవై ఏడో గడి కొట్టింది. ఇరవై ఎనిమిది కొట్టింది. ఒకేసారి గీత లాగెయ్యొచ్చు, కానీ లాగలేదు. ఒక్కో గడీ విడిగా, మూల నించి మూలకు కొట్టింది. జీవితంలో మొదటిసారి తెలిసి దొంగలెక్క రాస్తోంది. యాభయ్యోది కొట్టి దుప్పటిని నేలమీదున్న ఖాళీ గంపలోకి వేసింది.

పెద్దాయన ఆ గంప వంక చూశాడు. తర్వాత కట్టలోంచి ఇంకో దుప్పటి తీసి, లేబులు ఆమె వైపు తిప్పి పెట్టాడు.

"ఎన్నున్నాయి మొత్తం?" అంది ఆమె.

"నాలుగు వందల పైనే."

ఆమె చెప్పులు విడిచి బల్ల దగ్గరికి స్టూలు లాక్కుంది. అతను వెళ్లి బాయిలరులోంచి చీపుళ్లూ బకెట్లూ ఒక్కొక్కటే బయటపెట్టడం మొదలుపెట్టాడు.